చెరువుగట్టు కాపురము

ఊరు ముందు పుట్టెనా, చెరువు ముందు పుట్టెనా యని ప్రశ్నించినచో కృష్ణా గోదావరీ తీరములవారు కొంత యాలోచింతురేమో గాని, రాయలసీమవా డాలోచింపడు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే, అదియు కొన్ని యేండ్లు మొగము చాటువేయుచు కురియు దేశమున మనుష్యుడు ముందుగా నీటిని నిలిపెను. తరువాత నింటిగోడ నిలిపెను. కట్ట వేసినవారు కట్టప్రక్కనే కాపురముండిరి. అందుచేత మన సీమలో చెరువుగట్టు వీథి యనగా ఊరిచివర పుట్టిన పేట గాదు, ఊరికి మూలస్థానము. ఈ సంగతిని మరచి, చెరువును ఇండ్ల వెనుకటి దొడ్డిగా నెంచు బుద్ధి యిటీవల మనలో ప్రబలుచున్నది. దానిని ఖండించుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

బుక్కపట్నమును దృష్టాంతముగా గైకొందము. చిక్కబళ్లాపుర ప్రాంతపు కొండలలో బుట్టి, బాగేపల్లి మీదుగా దిగివచ్చు చిత్రావతి పుట్టపర్తిని దాటిన పిమ్మట బుక్కపట్నపు చెరువును, దానికి దిగువను ధర్మవరపు చెరువును పోషించి, కడపసీమలో పెన్నను గలియును. పూర్వపు అనంతపురమండలములోని పెద్దచెరువులను లెక్కించువారీ రెంటిని మొదటి వరుసలో జెప్పుదురు. 1882లో బళ్లారినుండి విడిపోయి యేర్పడిన ఆ మండలమునుండి 2022 ఏప్రిలులో పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడినది. పాలకులు మారిరి, ఎల్లలు మారెను; చెరువు మాత్రము చోటు మారలేదు. ఊరి పేరు 1356 మొదలు 1377 వరకు నేలిన విజయనగరపు బుక్కరాయలను దలపించును. ప్రక్కయూరు కొత్తచెరువు. అనంతపురముకడ బుక్కరాయసముద్రము. ఈ సీమలో ఊళ్ల పేళ్లను వరుసగా జదివిన చాలును, చెరువుల చరిత్ర తెలియును.

చెరువొడ్డు కాపురమున కొక ప్రత్యేకస్వభావము గలదు. వాన పడిననాడు తక్కిన వీథులవా రాకాశమును జూతురు. గట్టువారు వంకను జూతురు. ఎగువ వంకలో ఎర్రనీరు దిగినదా, తూములోనికి నీ రెక్కినదా, మరవ పారుట కింకెన్ని అడుగులు గలవు? ఇవి వారి దినదిన ప్రశ్నలు. చెరువు నిండి మరవ పారినదన్న వార్త పుట్టినంతనే ఊరెల్ల పసుపు కుంకుమలతో గట్టెక్కి గంగపూజ చేయును. నీరు తగ్గిన వేసవిలో గర్భమునందలి ఒండ్రుమట్టి బండ్లమీద పొలములకు బోవును. కుమ్మరికి మన్ను, బెస్తకు చేప, చాకలికి రేవు, గొల్లకు మంద దించు తావు, రైతునకు తూమునీరు, ఇల్లాలికి నూటనీటిబావి, అన్నియు నా యొక్క జలమునుండియే. కట్టక్రింది బావులలో నీరూరుట పైని చెరువు నిండుటవలననే యని యెరుగనివా డక్కడ లేడు. ఇట్లు ఒకరి జీవనము మరొకరి జీవనముతో నీటిచే ముడిపడియుండుటయే చెరువుగట్టు వాడకట్టు యొక్క లక్షణము.

ఇంత చెప్పి, ఆహా, మన పూర్వులెంతటి మహానుభావులని మురిసి ముగించినచో చదువరులు సంతోషింతురు. కాని మేమట్లు ముగింపజాలము. చెరువునుగూర్చి విద్యావంతులలో మూడు దురభిప్రాయములు వ్యాపించియున్నవి. మొదటిది, చెరువు రాజుల కీర్తిచిహ్నమనుట. రెండవది, బోరుబావులు వచ్చినవి గనుక చెరువుకాలము చెల్లినది, దాని గర్భము ఖాళీస్థల మనుట. మూడవది, నీటియొడ్డు చూచుటకు సొంపైనది గనుక విలువకు అమ్మదగిన సరకనుట. ఈ మూడును ఒకదానికొకటి విరుద్ధములుగా గన్పట్టినను ఫలమొక్కటియే: చెరువును మోయవలసిన బాధ్యతనుండి మనము తప్పించుకొనుట.

మొదటిదానిని విచారింతము. చెరువు రాజొక్కని సృష్టి యని రాజులే చెప్పుకొనలేదు. కడపసీమలోని పోరుమామిళ్లలో 1369 నాటి శాసన మొకటి గలదు. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు, భవదూరుడను నామాంతరము గలవాడు, అక్కడ చెరువు త్రవ్వించి వ్రాయించిన సంస్కృతశాసన మది. అందు మంచి చెరువునకు పండ్రెండంగములు చెప్పబడినవి. ధర్మాత్ముడగు ప్రభువు అందులో నొక్క యంగము మాత్రమే. జలశాస్త్ర మెరిగినవాడు మరియొకటి. గట్టినేల, మంచినీటి యేరు, రాతికట్ట, లోతైన గర్భము, తిన్నని రాళ్ల గని మున్నగునవి తక్కినవి. పని నెరిగిన కూలిజనము కడపటిది. దినమునకు వేయిమంది పనివారును, నూరు బండ్లును, రెండేండ్లపాటు పనిచేసిరని కూడ నందు వ్రాయబడియున్నది. 1388 నాటి మరియొక శాసనము పెన్నేటినీటిని కాలువద్వారా శిరువెర చెరువునకు మరలించిన సింగయభట్టను జలసూత్రజ్ఞుని బేర్కొనుచున్నది. అనగా ఆ కాలమువారికే చెరువన నది శాస్త్రము, శ్రమము, భూమి, ప్రభుత్వము నాలుగును గలిసిన పని యని తెలియును. మనము మాత్రము మూటిని విడిచి ప్రభువు పేరును పట్టుకొని వ్రేలాడుచున్నాము.

ఆ వేయిమంది పేళ్లెవ్వి? శాసనమున లేవు. మన్ను త్రవ్వి, రాయి గొట్టి, కట్ట కట్టినవారు ముఖ్యముగా ఒడ్డెలు. తూము దించి తూము మూసి, రాత్రులయందు కట్టమీద గావలి గాచి, వంతుచొప్పున నీరు పంచినవాడు నీరుగంటి. పెక్కు గ్రామములలో నీ నీరుగంటిపని దళితకుటుంబములవారిది. ఇందలి విపరీతమును జూడుడు. పొలమునకు నీరు పంచుటకు వాని చేయి పనికివచ్చెను. ఊరి బావినుండి కడవ ముంచుకొనుటకు ఆ చేయి పనికిరాకపోయెను. చెరువును గాచినవాని యిల్లు ఊరికి వెలిగా నుండెను. రేవులు కులములవారీగా పంచబడెను. చెరువుగట్టు వాడకట్టు అందరిని ముడివేసినదని పైన వ్రాసితిమి. అదే నీరు అందరిని విడదీసినదని వ్రాయకున్నచో చరిత్రకు ద్రోహము చేసినవార మగుదుము.

ఇది మన యూళ్లకే పరిమితమైన దోషము గాదు. కొంకణమునందలి మహాడ్ పట్టణములో చవదార్ చెరువు అందరికిని తెరవబడినదని పురపాలకసంఘము 1924లోనే తీర్మానించెను. తీర్మానము కాగితముమీద నుండెను. నీరు చెరువులో నుండెను. దళితుల కడవలు మాత్రము ఖాళీగా నుండెను. 1927 మార్చి 20న అంబేద్కరుగారు వేలమందితో నడచిపోయి ఆ నీటిని దోసిట బట్టి త్రాగిరి. పిమ్మట చెరువు మైలపడినదని కొందరు దానిని శుద్ధి చేసిరి. వ్యాజ్యెము 1937 వరకు నడచి బొంబాయి హైకోర్టులో దళితుల పక్షమున ముగిసినది. మన రాజ్యాంగపు 15వ యధికరణమున బావులు, చెరువులు, స్నానఘట్టములు పేర్కొనబడుట ఊరక జరుగలేదు. కావున చెరువు రాజులకీర్తి యని మురియువారిని మేమొక్కటి యడుగుచున్నాము: ఆ కీర్తిలో కట్ట మోసినవానికి మీరిచ్చు భాగమెంత?

కీర్తిపాఠములో స్త్రీకి మన మిచ్చిన భాగమో, మరింత దారుణమైనది. బుక్కరాయసముద్రపు చెరువు తెగనున్నప్పుడు బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ తన్ను తాను బలియిచ్చుకొని కట్టను నిలిపెనను కథ ఈ సీమలో ప్రసిద్ధము. బ్రౌనుదొర సేకరింపించిన స్థానికగాథలలో నది చేరినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు తమ విద్యార్థిదశలో దానిని గైకొని ముసలమ్మ మరణమను కావ్యము వ్రాసిరి. కావ్యము కరుణరసమున గొప్పదే. కాని కథను వినినప్పుడు మన కన్నుల నీరు గారుట చాలదు. బుద్ధికి ప్రశ్న పుట్టవలెను. కట్ట ఏల తెగనుండెను? మరవ ఇరుకై యుండును. లేదా పూడిక నిండియుండును. లేదా కట్ట నెరియలు వేసిననాడు మన్ను వేయువారు లేకుండిరి. బలి గోరినది గంగ గాదు, ఊరి యలసత్వము. ఆ యలసత్వమునకు మూల్యము చెల్లింప నెన్నికయైనది ఇంటిలో నోరులేని చిన్నకోడలు. నేటికిని వేసవిలో నీరు లేని దినమున కడవలతో మైళ్లు నడచునది కోడలే గాని ఊరిపెద్ద గాదు. ముసలమ్మకు మ్రొక్కుట మంచిదే. మరియొక ముసలమ్మ యవసరము రాకుండ కట్టకు మన్ను వేయుట అంతకంటె మంచి మ్రొక్కు.

పూర్వము మన్ను వేయుట కేర్పాటు లేకపోలేదు. దశబంధమను మాన్యము ఈ దత్తమండలములలో విశేషముగా నుండెను. చెరువును కట్టినవానికిని, మరమ్మతు చేయువానికిని ఆ పనిని షరతుగా బెట్టి భూమి నిచ్చుట దశబంధము. కుడిమరామతు పేర ఊరివారందరు తమ వంతు శ్రమ నిచ్చెడివారు. 1800లో నైజాము ఈ సీమను కుంపిణీకి ఇచ్చిన పిమ్మట భూమిశిస్తు లెక్కలు కచ్చితమైనవి; చెరువుల లెక్కలు సడలినవి. 1858లో నేర్పడిన ఇనాముకమిషను కాలమునుండి పెక్కు మాన్యములు స్వంత ఆస్తులుగా మారెను. అదే యేట నిర్బంధశ్రమచట్టమును చేసి, సడలిపోయిన ఆచారమును శాసనముచే నిలుపజూచిరి. ఆచారమును బోషించిన భూమిని దీసివైచి, ఆచారము చచ్చినదేమని శిక్ష విధించుట ఎట్టి పరిపాలనమో చదువరులే తలంపవలెను. అయినను తప్పంతయు దొరలమీద నెట్టి చేతులు దులుపుకొనుటకు మేమొప్పుకొనము. దొరలు పోయి డెబ్బది యేండ్లు దాటెను. ఈ కాలములో పూడిక తీయవలదని మనల నెవ్వరును నిర్బంధింపలేదు.

ఇక రెండవ యభిప్రాయము. చెరువుక్రింద నెవ్వరు సేద్యము చేయుచున్నారు, బోర్లు వచ్చినవి గదా, ఏండ్ల తరబడి ఎండియున్న గర్భమున ఇండ్లు కట్టిన నేమి తప్పని యడుగువారు గలరు. వీరి వాదము బ్యాంకులో సొమ్ము తీయుటయే గాని వేయుట యెరుగనివాని వాదము. బోరు నీటిని పుట్టింపదు, తీయును. ఆ నీటిని భూమిలోనికి దింపునది చెరువు. అనంతపురసీమలో బోరుమీద బోరు వేసి, అప్పులపాలై, ఎండిన గొట్టమును జూచుచు కూర్చున్న రైతులను ప్రతి గ్రామమునను జూపవచ్చును. వారు త్రవ్వినది లోతు చాలక గాదు. పైనుండి దిగు నీరు లేక.

ఎండిన చెరువు చచ్చిన చెరువు గాదు. పదియేండ్లకో యిరువదియేండ్లకో నొకసారి నీరు తన స్థలమును వెదకుకొనుచు వచ్చును. వచ్చినప్పుడు దస్తావేజులు చూడదు. మదరాసులో మైలాపురపు పొడుగుచెరువును పూడ్చి 1920 ప్రాంతములలో త్యాగరాయనగరమును కట్టిరి. పశ్చిమ మాంబళములో లేక్ వ్యూ రోడ్డను వీథి నేటికిని గలదు. చూతమన్న చెరువు లేదు. 2015 డిసెంబరులో ఆ మహానగరము మునిగినప్పుడు నీరు ఎచ్చట నిలువగోరెనో అందరికిని దెలిసినది. బెంగుళూరులో ధర్మాంబుధి చెరువు బస్సులనిలయమైనది. సంపంగి చెరువు క్రీడారంగమైనది. దూరమేల? 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురపు పల్లపుకాలనీలను ముంచెను. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలో వేలాది యిండ్లలోనికి జొరబడెను. దీనిని ప్రకృతివైపరీత్య మనుట నీటిమీద నింద మోపుట. వంకను గుమ్మముగా జేసికొని, వంక యింటిలోనికి వచ్చినదని మొరపెట్టిన నేమి ప్రయోజనము?

చట్టము లేదా యన్నచో గలదు. 2001లో సర్వోన్నతన్యాయస్థానము ఒక గ్రామపు చెరువు వ్యాజ్యెములో, చెరువులు జనసామాన్యపు సంపద యనియు, వానిని ఇండ్లస్థలములుగా పంచుట చెల్లదనియు తీర్పు చెప్పినది. ఉమ్మడి యాంధ్రప్రదేశమున 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణచట్టము వచ్చినది. 1997లో నీటివినియోగదారుల సంఘములకు చట్టము వచ్చినది. మనకు కొరతయైనది చట్టము గాదు. ప్రక్కింటివాడు గర్భములో పునాది తీయుచుండగా ఇది తప్పని చెప్పు నోరు.

ఇక్కడ మాపై నొక యాక్షేపణ రాగలదు. బీదవాడు మరెక్కడికి పోవును? పల్లపునేల చౌక గనుకనే గదా వాడక్కడ గుడిసె వేసెను? ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి జవాబు చెప్పక చెరువుల రక్షణ గూర్చి మాటాడుట సంపన్నుల వినోదమగును. 2024 జూలైలో హైదరాబాదులో చెరువుల యాక్రమణలను దొలగించుటకు హైడ్రా యను సంస్థ యేర్పడి కూల్చివేతలు సాగించినప్పుడు ఈ ప్రశ్నయే బిగ్గరగా వినవచ్చినది. మా యభిప్రాయ మిది: చెరువుగర్భమున మొదటి దోషి గుడిసె వేసినవాడు గాడు, ఆ నేలను ముక్కలుచేసి యమ్మినవాడు, ఆ యమ్మకమును నమోదుచేసినవాడు, దానికి దీపపుతీగ నిచ్చి పన్ను వసూలు చేసి యెన్నికలనాడు పట్టా వాగ్దానము చేసినవాడు. శిక్ష ఆ వరుసలోనే సాగవలెను. బీదవానికి మెరకనేలలో స్థలము చూపి, ఇల్లు కట్టించి, అటుపిమ్మటనే వాని గుడిసెను కదల్పవలెను. ముందు గుడిసెను గూల్చి మేడవానికి తాఖీదు పంపు పద్ధతి చెరువును రక్షింపదు. బీదవానికి చెరువుపై ద్వేషము పుట్టించును.

మూడవ యభిప్రాయము కొత్తది; నాగరికమైనది; కావుననే మిక్కిలి యపాయకరమైనది. నీటియొడ్డున విలాసగృహములు, సాయంకాలపు చల్లగాలి, కిటికీలోనుండి చెరువు దృశ్యము, ఇట్టి ప్రకటనలు పత్రికలలో చూచుచున్నాము. బుక్కపట్నమున కీ గాలి సోకదని ధైర్యముగా నుండుటకు వీలులేదు. కొలదిమైళ్ల దూరములోని పుట్టపర్తికి దేశవిదేశముల జనము వచ్చుచుండుట చిరకాలమునుండి గలదు. 2000 సంవత్సరమున కొత్తచెరువుకడ రైలు వచ్చినది. 2022లో జిల్లాకేంద్రము వచ్చినది. కేంద్రము వచ్చినచోట నేలకు ధర వచ్చును. నేలకు ధర వచ్చినచోట సర్వేరాయి నడువ నేర్చుకొనును. చెరువును జూచుటకు ఇల్లు గొన్నవాడు తన మురుగునీటి నెక్కడికి పంపుచున్నాడో యడుగుడు. ఆ చెరువులోనికే! కిటికీ యటువైపే, కాలువయు నటువైపే. బెంగుళూరులోని బెళ్లందూరు చెరువు తీరమున ఎత్తైన మేడలు లేచిన పిమ్మట 2015 మొదలు ఆ నీటిమీద నురుగు పొంగి మంటలు గూడ లేచినవి. నీరు మండుట పురాణములలో బడబాగ్నిగా వింటిమి. మన కాలమున దానిని జూడవలసివచ్చినది.

కృష్ణానీరు వచ్చుచున్నది గదా, ఇక చింత యేల యనువారికి నొక్క మాట. హంద్రీ నీవా పథకముచే శ్రీశైలపు జలము మెట్టుమెట్టుగా నెత్తిపోయబడి ఈ సీమకు వచ్చుట గొప్ప పని. మరాల జలాశయము బుక్కపట్నపు మండలములోనిదే. దానిని మేము మనసార స్వాగతించుచున్నాము. కాని వందల మైళ్లనుండి విద్యుత్తు వ్యయపరచి తెచ్చిన నీటిని పూడిక నిండిన పాత్రలో బోసి, మురుగుతో గలిపి త్రాగుదుమా? తెచ్చిన నీటికి పాత్ర కావలెను. ఆ పాత్ర చెరువు. మరియు చిత్రావతి రెండు రాష్ట్రముల యేరు. 1892లోనే మదరాసు మైసూరు ప్రభుత్వములు ఇట్టి యేళ్లనుగూర్చి ఒడంబడిక చేసికొనవలసివచ్చెను. ఇటీవల పరగోడు ఆనకట్ట విషయమునను తగవు పుట్టినది. చెరువునకు గల ఆరు దోషములలో రెండు రాజ్యముల సరిహద్దున నుండుట యొకటి యని పోరుమామిళ్ల శాసనము హెచ్చరించి ఆరువందల యేబదియేండ్లు దాటినది. ఎగువనీరు మనచేతిలో లేనప్పుడు, మన హద్దులో కురిసిన చినుకునైన దక్కించుకొనవలదా?

కర్తవ్యము దుర్లభమైనది గాదు. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరెంతవరకు నిలుచునో అంతవరకు రాళ్లు పాతి, ఆ పటమును పంచాయతీ గోడమీద అందరికి గనబడునట్లు వ్రాయవలెను. దాచిన పటమువలననే దొంగతనము సాగును. ఎగువ వంకలకు గూడ నట్లే హద్దులు చూపవలెను, ఏలయన వంక మూసినచో చెరువు తాకకయే చచ్చును. ఊరి మురుగు చెరువున గలియకుండ వేరుదారి పట్టింపవలెను. నీరుగంటికి గింజల దయాభిక్ష గాక నెలజీతమును, గౌరవస్థానమును ఈయవలెను. నీటిసంఘములలో భూమిగలవారే గాక, భూమిలేని కూలివారును, దళితవాడవారును, కడవ మోయు స్త్రీలును కూర్చుండి మాటాడవలెను. బుక్కపట్నమున ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చు సంస్థ గలదు. అందలి ఛాత్రులు ఏటేట చెరువు మట్టమును, వానను కొలిచి వ్రాసియుంచినచో, వారు బడులకు బోయిన పిమ్మట ప్రతి గ్రామమున నొక చెరువులెక్క పుట్టును. మన పిల్లలకు టేమ్సునది యెచ్చట బుట్టునో తెలియును; తమ యూరిచెరువునకు నీరే వంకనుండి వచ్చునో తెలియదు. ఇది విద్య యనిపించుకొనదు.

చెరువుగట్టున కాపురముండుట భాగ్యమని యందురు. భాగ్యమే, కాని దానిలో ఋణము గలదు. మనము నేడు త్రాగుచున్న నీటికి మూల్యము చెల్లించినవారు పేళ్లు లేని ఒడ్డెలు, నీరుగంట్లు, కథలో బలియైన కోడళ్లు. ఆ ఋణము పూజలతో దీరదు, కీర్తిశతకములతో దీరదు. ఒక తట్ట పూడిక తీసి గట్టుమీద వేసినవాడు దానిలో నించుక తీర్చినవాడు. గర్భములో నొక్క పునాదిరాయి వేసినవాడు తన మనుమల నీటిని తాకట్టుపెట్టినవాడు. వచ్చు వానకాలమునకు ముందే, ఈ రెంటిలో తామెవరో ప్రతి గృహస్థుడును నిర్ణయించుకొనుగాక.